పాట దిద్దినవాడు

*తప్పుందని తెలిస్తే ముప్పై ఏళ్లనాటి పాటనైనా మాట మార్చి పాడాడు కెనడా జానపద రాక్ గాయకుడు గోర్డన్ లైట్‌ఫుట్. బట్టలుతికే కంపెనీ మేనేజరు కొడుకుగా మొదలై ఆరు దశాబ్దాల పాటు వేదిక దిగని ఆ పాటగాడి కథ ఈవారం.*

తను చనిపోయినట్టు గోర్డన్ లైట్‌ఫుట్ కారు రేడియోలో విన్నాడు.

అది 2010 ఫిబ్రవరి 18. ఆయనకు 71 ఏళ్లు. టొరంటోలో పళ్ల డాక్టరు దగ్గర పని ముగించుకుని వెళ్తుంటే వార్త చెవిన పడింది. ఎవరో ఆకతాయి చేసిన ఫోన్ నమ్మి ఒక వార్తాసంస్థ తొందరపడింది. మిగతా పని ట్విట్టర్ చూసుకుంది. అప్పటికే నివాళులు మొదలైపోయాయి. లైట్‌ఫుట్ కేకలు వేయలేదు, కోర్టుకు పోతానని బెదిరించలేదు. ఒక టీవీ వార్తా చానల్‌కు తనే ఫోన్ చేసి, బతికే ఉన్నాను, బాగానే ఉన్నాను అని చెప్పుకున్నాడు.

అదే ఏడాది ఆయన ఇంకో తప్పుడు వార్తను కూడా సరిచేశాడు. ఈసారి ఆ వార్త మోసింది రేడియో కాదు, ఆయన సొంత పాట. 34 ఏళ్లుగా లక్షల ఇళ్లలో ఆయన గొంతుతోనే మోగుతున్న పాట. దాని సంగతికి మెల్లగా వద్దాం.

బాబ్ డిలన్, లెనార్డ్ కోహెన్, జోనీ మిచెల్ పేర్లు విన్న తెలుగువాళ్లలో కూడా లైట్‌ఫుట్ పేరు తెలిసినవాళ్లు తక్కువే. కోహెన్‌లా లోతైన మార్మికత ఆయన మాటల్లో ఉండదు. జోనీలా ప్రతి పాటకీ కొత్త శ్రుతి వెతుక్కునే తపనా కనిపించదు. కానీ డిలన్ అంతటివాడు ఆయన పాట వింటే అది అయిపోకుండా ఉంటే బాగుండుననిపిస్తుందని అన్నాడు. 1986లో కెనడా మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి లైట్‌ఫుట్‌ను ఆహ్వానించడానికి వేదికెక్కిందీ ఆయనే. ఇంత గౌరవం ఎందుకంటే, నాకు తోచే కారణం ఒకటే. పాట కట్టడం లైట్‌ఫుట్‌కు ఆవేశం కాదు, పని. చేతిపని తెలిసినవాడు పనిలో లోపం కనిపిస్తే ఊరుకోడు.

చర్చి కోరస్ నుంచి

ఒంటారియో రాష్ట్రంలో టొరంటోకు ఉత్తరంగా, రెండు సరస్సుల మధ్య ఉండే చిన్న ఊరు ఒరిలియా. 1938 నవంబరు 17న లైట్‌ఫుట్ అక్కడ పుట్టాడు. తండ్రి ఊళ్లోని పెద్ద లాండ్రీ, డ్రైక్లీనింగ్ కంపెనీకి మేనేజరు. కొడుకు గొంతులో ఏదో ఉందని ముందుగా పసిగట్టింది తల్లి. సెయింట్ పాల్స్ యునైటెడ్ చర్చి కోరస్‌లో చేరిన పిల్లాడికి అక్కడి గాన గురువు రే విలియమ్స్ మాటను భావంతో పలకడం నేర్పాడు. ఇంకా గొంతు మారని మగపిల్లలకు పెట్టిన పోటీలో గెలిచి, పన్నెండేళ్ల వయసులో టొరంటోలోని మాసీ హాల్ వేదిక ఎక్కాడు. పెద్దయ్యాక అదే హాల్లో 160కి పైగా కచేరీలు చేస్తాడని అప్పుడెవరికి తెలుసు?

1958లో లాస్ ఏంజెలిస్ వెళ్లి వెస్ట్‌లేక్ సంగీత కళాశాలలో చేరాడు. అక్కడ నేర్చుకున్నది జానపదం కాదు, జాజ్ స్వరరచన, వాద్యబృందానికి స్వరాలు రాయడం. ఖర్చులకు వాణిజ్య ప్రకటనల పాటలు పాడాడు. ఇంటి మీద బెంగ పట్టుకుని 1960లో టొరంటో తిరిగొచ్చేశాడు. ఆ చదువు మాత్రం వృథా పోలేదు. జానపద గాయకుల్లో చాలామంది చెవితో నేర్చుకుని చెవితోనే పాడుతున్న రోజుల్లో ఈయన తన పాటలకు తనే స్వరలిపి రాసుకునేవాడు. చివరిదాకా కచేరీకి ముందు తన గిటార్లను తనే శ్రుతి చేసుకునేవాడు, అందుకు ఎంతసేపు పట్టినా సరే. పన్నెండు తీగల గిటారు శ్రుతి నిలవడం ఎంత కష్టమో వాయించేవాళ్లను అడిగితే చెప్తారు.

టొరంటోలో కొన్నాళ్లు బ్యాంకు గుమాస్తా. తర్వాత టీవీలో ఒక గ్రామీణ సంగీత కార్యక్రమంలో బృందంతో కలిసి పాట, డాన్సు. రాత్రిళ్లు కాఫీహౌస్‌లు. యార్క్‌విల్ పేటలోని రివర్‌బోట్ కాఫీహౌస్ ఆ తరం గాయకులందరికీ గడప. 1963లో స్వీడన్ అమ్మాయి బ్రిటాను పెళ్లి చేసుకున్నాడు.

1964లో ఒక రోజు. పసివాడైన కొడుకు తొట్లో ఉన్నాడు, తండ్రి కాపలా. లాస్ ఏంజెలిస్‌లో ఉన్నప్పుడు వానలో విమానాశ్రయానికి పోయి, ఎగిరే విమానాలను చూస్తూ ఇంటి మీద బెంగపడ్డ రోజులు గుర్తొచ్చాయి. అలా పుట్టింది 'ఎర్లీ మార్నింగ్ రెయిన్'. గూడ్సు పెట్టెలో దొంగచాటుగా దూరి ఊళ్లు తిరిగే దేశదిమ్మరి అమెరికా జానపద పాటలకు పాత కథానాయకుడు. లైట్‌ఫుట్ ఆ మనిషిని తీసుకొచ్చి విమానాశ్రయం కంచె పక్కన నిలబెట్టాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు, ఎదురుగా బోయింగ్ 707. దాంట్లో దూరడానికి సందు లేదు. పాత బాణీలో కొత్త కాలం ఇంత సులువుగా ఇమిడిన పాటలు అరుదు. ఇయన్ అండ్ సిల్వియా, పీటర్ పాల్ అండ్ మేరీ, ఎల్విస్ ప్రెస్లీ, డిలన్ అందరూ దాన్ని పాడారు. సొంత ఎల్పీ 1966లో వచ్చేనాటికే లైట్‌ఫుట్ పాటలు ఇతరుల గొంతుల్లో ఊరూరా తిరుగుతున్నాయి.

రైలు పాట, అల్లర్ల పాట

కెనడా నూరేళ్ల పండుగకు పాట కావాలని ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ ఆయన్ని అడిగింది. 'కెనేడియన్ రైల్‌రోడ్ ట్రిలజీ' 1967 జనవరి 1న ప్రసారమైంది. ఆరు నిమిషాలకు పైగా నడుస్తుంది. మధ్యలో నడక నెమ్మదిస్తుంది, మళ్లీ ఊపందుకుంటుంది. దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు కలిపిన రైలుమార్గం కథలో పెట్టుబడిదారుల గొప్పల కంటే సుత్తి పట్టిన కూలీల చెమటే ఎక్కువ వినిపిస్తుంది. అయితే ఒక మాట చెప్పుకోవాలి. 1885లో పూర్తయిన ఆ రైలుమార్గం కోసం పశ్చిమ కొండల్లో బండలు పేల్చింది వేలమంది చైనా కూలీలు. వందల్లో చచ్చిపోయారు. పాటలో వాళ్ల పేరెత్తలేదు. పండుగ పాటలో ఉండే లోపమే ఇది, కానీ లోపమే.

ఆ పండుగ మూడ్ ఎంతోకాలం నిలవలేదు. 1967 జులైలో డెట్రాయిట్‌లో జరిగిన అల్లర్లలో 43 మంది చనిపోయారు. దాని మీద 'బ్లాక్ డే ఇన్ జులై' కట్టాడు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక అమెరికా రేడియో స్టేషన్లు చాలా ఆ పాటను పక్కన పెట్టేశాయి. నిప్పు మీద నెయ్యి పోసినట్టవుతుందని వాళ్ల భయం.

అసలైన పేరు తెచ్చింది మాత్రం ఇంటి గొడవే. 1969 ఎండాకాలం. కాపురం బీటలు వారుతోంది. టొరంటోలో ఖాళీ ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఒక మధ్యాహ్నం రాసిన పాట 'ఇఫ్ యూ కుడ్ రీడ్ మై మైండ్'. కెనడాలో మొదటి స్థానానికి, 1971 మొదట్లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 5వ స్థానానికి చేరింది. జానీ క్యాష్ చివరి రోజుల్లో వణుకుతున్న గొంతుతో దీన్ని పాడాడు. డిస్కో వాళ్లు కూడా పాడారు. ఏ వేషం వేసినా నిలబడ్డ బాణీ అది.

1973లో విడాకులయ్యాయి. చాలా ఏళ్లకు కూతురు ఇంగ్రిడ్ తండ్రిని అడిగింది, ఆ పాటలో ఒక చోట ప్రేమలో లోటంతా అమ్మదే అన్నట్టుంది, అలా ఎందుకు అని. తండ్రి వాదించలేదు. అక్కడ 'నీలో' అన్న చోట 'మనలో' అన్న అర్థం వచ్చేలా మార్చి, అప్పట్నుంచి కచేరీల్లో అలాగే పాడాడు. కూతురి మాటకు తలొగ్గి తన పాటల్లోకెల్లా పేరున్న పాటను సవరించిన గాయకుడు ఇంకొకడు నాకు గుర్తు రావడం లేదు.

1974లో 'సన్‌డౌన్' పాట, అదే పేరున్న ఎల్పీ రెండూ అమెరికాలో మొదటి స్థానం పట్టాయి. అనుమానం, తాగుడు కలగలిసిన పాట అది. రాసినవాడి జీవితమూ అప్పుడు అలాగే ఉంది. టూర్లు, విస్కీ, వేసవిలో ఉత్తరాది నదుల మీద వారాల తరబడి కనూ పడవ ప్రయాణాలు. ఆ పడవల్లో ఉన్నన్నాళ్లే ఒళ్లు కుదుటపడేది.

ఒక అక్షరం తప్పు పడింది

సుపీరియర్ సరస్సును సరస్సు అనడానికి నోరు రాదు. విస్తీర్ణం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సగం. నవంబరు వచ్చిందంటే అక్కడి గాలివానలకు ఓడ నడిపేవాళ్లు హడలిపోతారు.

1975 నవంబరు 9న విస్కాన్సిన్‌లోని సుపీరియర్ రేవు నుంచి 'ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్' అనే సరుకు ఓడ బయల్దేరింది. పొడవు 729 అడుగులు. కడుపులో 26 వేల టన్నుల ఇనుప ఖనిజం గుళికలు. కెప్టెన్ ఎర్నెస్ట్ మెక్‌సోర్లీ, ఆయనతో కలిపి 29 మంది. మర్నాడు తుపాను విరుచుకుపడింది. వెనకాలే వస్తున్న 'ఆర్థర్ ఎం. ఆండర్సన్' ఓడ సాయంత్రం 7 గంటల 10 నిమిషాలప్పుడు వైర్‌లెస్‌లో ఎలా ఉన్నారని అడిగితే, తట్టుకుని నిలబడుతున్నామని జవాబొచ్చింది. కాసేపటికి రాడార్ మీద ఓడ గుర్తు మాయమైంది. విపత్తు పిలుపు లేదు. ఒక్క శవం కూడా దొరకలేదు. వైట్‌ఫిష్ అఖాతం అనే ఆశ్రయం అక్కడికి 17 మైళ్ల దూరం. ఓడ రెండు ముక్కలై 530 అడుగుల లోతున పడి ఉంది.

కొద్ది రోజులకు న్యూస్‌వీక్ పత్రికలో ఈ ప్రమాదం మీద వ్యాసం వచ్చింది. అందులో ఓడ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. మనలాంటి పత్రికలవాళ్లకు అచ్చుతప్పు రోజూ ఉండేదే. లైట్‌ఫుట్‌కు అది గుచ్చుకుంది. 29 మంది పోయిన ఓడ పేరైనా సరిగ్గా రాయలేదే, ఇది వాళ్లను అవమానించినట్టే అనుకున్నాడు. పాట కట్టడానికి కూర్చున్నాడు.

బాణీకి చిన్నప్పుడు విన్న ఒక పాత ఐరిష్ పాట ఆధారం. పల్లవి లేదు. ఒకదాని వెనక ఒకటి చరణాలే, ఒడ్డుకు కొట్టుకునే అలల్లాగా. ఓడ ఎక్కడ బయల్దేరింది, ఏం మోస్తోంది, గాలి ఎటు తిరిగింది, వంటవాడు ఏమన్నాడు, కెప్టెన్ ఏం చెప్పాడు. పత్రిక వ్యాసం పక్కన పెట్టుకుని రాసినట్టే ఉంటుంది. ఉప్పెన వచ్చినా, కరువు వచ్చినా పాట కట్టి ఊరూరా చెప్పడం మన బుర్రకథ దళాలకు, జముకుల కథకులకు వెన్నతో పెట్టిన విద్య. పడమట కూడా ఒకప్పుడు అంతే. కాకపోతే 1975 నాటికి పాప్ సంగీతం ప్రేమ గోల తప్ప ఇంకోటి పాడటం మానేసింది. ఆరున్నర నిమిషాల మునక కథ రేడియోలో ఎవడు వింటాడని లైట్‌ఫుట్‌కే సందేహం.

డిసెంబరులో టొరంటోలోని ఈస్టర్న్ సౌండ్ స్టూడియోలో రికార్డింగ్. బృందానికి ఈ పాట కొత్త. ముందుగా సాధన చేసింది లేదు. డ్రమ్ములు వాయించే బారీ కీన్, నేనెప్పుడు అందుకోవాలి అని అడిగితే, తలూపుతాను అన్నాడు లైట్‌ఫుట్. పాట మొదలైంది. చరణం తర్వాత చరణం గడుస్తోంది, తల ఊగదు. తుపాను ముదిరే చోటికి వచ్చాక ఊపాడు, డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. బృందం ఆ పాటను మొదటిసారి మొత్తం వాయించిన ఆ టేకే ఇవాళ మనం వినే రికార్డు. తర్వాత మళ్లీ మళ్లీ ప్రయత్నించారు కానీ మొదటిదాన్ని మించలేదు. ఈసారి వింటే డ్రమ్ములు ఎక్కడ మొదలవుతాయో గమనించండి. అంతవరకూ టెర్రీ క్లెమెంట్స్ గిటారు గాలిలా వీస్తుంటుంది.

1976లో 'సమ్మర్‌టైమ్ డ్రీమ్' ఎల్పీలో పాట వచ్చింది. నవంబరులో, అంటే ప్రమాదం జరిగిన ఏడాదికి, అమెరికాలో 2వ స్థానానికి ఎక్కింది. రాడ్ స్టీవర్ట్ ప్రేమపాట ఒకటి అడ్డు పడకపోతే మొదటి స్థానమే. కెనడాలో ఆ అడ్డు కూడా లేదు.

పాట పేరు తెచ్చిపెట్టింది, తిప్పలూ తెచ్చింది. ప్రమాదం జరిగిన మర్నాడు డెట్రాయిట్‌లోని మారినర్స్ చర్చి గంటను 29 సార్లు మోగించారు. లైట్‌ఫుట్ దాన్ని పాటలో పెట్టాడు, ఆ ప్రార్థన మందిరం పాతబడి ముక్క వాసన కొడుతుందన్న అర్థం వచ్చేలా. మా చర్చి అలా ఉండదని అక్కడి భక్తులు నొచ్చుకున్నారు. సరే అని, పల్లెటూరి సాదాతనాన్ని చెప్పే మాటొకటి వేసి పాడటం మొదలుపెట్టాడు.

రెండోది అంత తేలిక కాదు. ఓడ ఎందుకు మునిగింది? సరుకు గదుల మీది మూతలు నీళ్లను ఆపలేకపోయాయని 1977లో అమెరికా కోస్ట్‌గార్డ్ తేల్చింది. ఓడలవాళ్ల సంఘం ఒప్పుకోలేదు, అడుగున రాతిగట్టు తగిలి ఉంటుందని వాదించింది. పాటలో మాత్రం మూతే కూలింది. పాట నోళ్లలో నానాక విచారణ నివేదికను ఎవరు చదువుతారు? ఆ మూతలు బిగించే పని చూసిన డెక్ కూలీల ఇళ్లవాళ్లకు ఆ చరణం వచ్చినప్పుడల్లా, మీవాళ్ల వల్లే ఓడ పోయింది అని ఎవరో వేలెత్తి చూపినట్టుండేది. 2010లో ఒక కెనడా డాక్యుమెంటరీ తప్పు సిబ్బందిది కాదని, రాక్షస అల దెబ్బ కావచ్చని చెప్పింది. లైట్‌ఫుట్ అది చూశాడు. ఇక కచేరీల్లో మూత మాట తీసేసి, చీకటి పడిందని మాత్రం పాడతానన్నాడు. కాపీరైట్‌లో ఉన్న పాఠాన్ని, రికార్డును ముట్టుకోలేదు. వేదిక మీద మాత్రం చివరిదాకా అలాగే పాడాడు.

ఇందులో నన్ను ఆకట్టుకున్న సంగతి ఇంకోటి ఉంది. పాటలో ఓడ క్లీవ్‌లాండ్ పోతుంటుంది. నిజానికి సరుకు దించాల్సింది డెట్రాయిట్ దగ్గరి జగ్ ద్వీపంలో. అది కూడా తప్పే, దాన్ని ఆయన అలాగే వదిలేశాడు. ఆ తప్పు ఎవరి గుండెకూ తగల్లేదు మరి. పాటగాడు చరిత్రకారుడు కానక్కర్లేదని ఆయనకు తెలుసు. ఎవరికి బాకీ ఉన్నాడో వాళ్లకు తీర్చాడు.

మన దగ్గర పాట వేదిక వేదికకూ మారుతుంది. 2023లో మనం పోగొట్టుకున్న గద్దర్ పాడుతూ పాడుతూ ఎదుటి జనాన్ని బట్టి మాటలు కలుపుకునేవాడు. కాగితానికీ రికార్డుకూ కట్టుబడ్డ పడమటి పాప్ లోకంలో ఆ వెసులుబాటు లేదు. డబ్బిచ్చి వచ్చినవాడు రికార్డులో ఉన్నట్టే పాడమంటాడు. అక్కడ మాట మార్చడానికి కొంత మొండితనం కావాలి.

ఆస్పత్రి, మళ్లీ వేదిక

1980లు ఆయనవి కావు. సింథసైజర్ల హోరులో గిటారు గొంతు వినపడలేదు. మంచి పనొకటి జరిగింది, 1982లో తాగుడు మానేశాడు. విట్నీ హ్యూస్టన్ పాడి పేరు తెచ్చిన 'ది గ్రేటెస్ట్ లవ్ ఆఫ్ ఆల్' బాణీలో 'ఇఫ్ యూ కుడ్ రీడ్ మై మైండ్' పోలిక ఉందని సంగీత దర్శకుడు మైకేల్ మాసర్ మీద 1987లో దావా వేశాడు. దాని సెగ పాడిన అమ్మాయికి తగులుతోందనిపించి వెనక్కి తగ్గాడు. మాసర్ క్షమాపణతో కోర్టు బయటే వ్యవహారం ముగిసింది.

2002 సెప్టెంబరులో సొంత ఊరు ఒరిలియాలో కచేరీకి సిద్ధమవుతుంటే కడుపులో భరించలేని నొప్పి. పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బి పగిలింది. హెలికాప్టర్‌లో హామిల్టన్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆరు వారాలు కోమా, గొంతుకు రంధ్రం, నాలుగు ఆపరేషన్లు. లేచాక ఆస్పత్రి మంచం మీద నుంచే పని మొదలుపెట్టాడు. జబ్బు పడకముందు నమూనాగా పాడి ఉంచిన గొంతు రికార్డులకు బృందం చేత వాద్యాలు చేర్పించాడు. అలా 2004లో 'హార్మనీ' ఆల్బమ్ వచ్చింది, ఆయనా వేదిక మీదికొచ్చాడు. 2006లో కచేరీ మధ్యలోనే చిన్న పక్షవాతం వచ్చి కుడిచేతి రెండు వేళ్లు పడిపోయాయి. వేళ్లతో తీగలు మీటేవాడికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. తొమ్మిది రోజులకే మళ్లీ పాడాడు, కష్టమైన చోట గిటారు వేరొకరు అందుకున్నారు. కొన్ని నెలలకు ఆ వేళ్లు తిరిగొచ్చాయి.

ఈ రెండో ఇన్నింగ్స్‌లో గొంతు సన్నబడింది, పీలగా మారింది. అభిమానులు ఒప్పుకోరు గానీ చివరి ఏళ్ల కచేరీలు కొన్ని వినడం కష్టమే. అయినా జనం వచ్చారు. 2020లో వచ్చిన 'సోలో' ఆల్బమ్‌లో గొంతు, గిటారు తప్ప ఇంకేమీ లేవు. మూడేళ్ల మరమ్మతుల తర్వాత 2021 నవంబరులో మాసీ హాల్ తలుపులు తెరిస్తే ఆ వేదిక మీద మొదట పాడింది 83 ఏళ్ల లైట్‌ఫుటే.

ఆయన మీద 2019లో వచ్చిన డాక్యుమెంటరీలో ఒక దృశ్యం ఉంటుంది. తన కుర్రతనపు పాట 'ఫర్ లవిన్ మీ'ని తెర మీద చూస్తాడు. ప్రేమించిన అమ్మాయిని వదిలేసి పోతూ, నీలాంటివాళ్లు బోలెడంత మంది దొరుకుతారని గొప్పలు పోయే మగవాడి పాట. ఇయన్ అండ్ సిల్వియా, పీటర్ పాల్ అండ్ మేరీ పాడగా పేరొచ్చింది, డబ్బూ వచ్చింది. తెర మీది కుర్రాణ్ని చూసి ముసలాయన మొహం చిట్లించి, ఈ పాటంటే నాకు అసహ్యం అనేశాడు. అప్పటికే పెళ్లయిన తను, భార్య ఇంట్లో ఉండగా అలాంటి పాట ఎలా రాశానా అని నొచ్చుకున్నాడు. ఈ పాటలో మాట మారిస్తే సరిపోదని తేల్చుకుని మొత్తంగానే పాడటం మానేశాడు.

2023 మే 1న టొరంటోలో కన్నుమూశాడు. 84 ఏళ్లు. మర్నాడు మారినర్స్ చర్చి గంట 30 సార్లు మోగింది, 29 ఓడవాళ్లకు, ఒకటి పాట కట్టినవాడికి. ఒరిలియాలో చిన్నప్పుడు పాడిన చర్చిలోనే పార్థివదేహాన్ని ఉంచితే రెండు వేలకు పైగా జనం వచ్చి వెళ్లారు.

టొరంటో చుట్టుపక్కల బ్రాంప్టన్, మిసిసాగాల్లో ఉంటున్న మనవాళ్లు ఏటా ఆకుల రంగులు చూడటానికి 11వ నంబరు రోడ్డు పట్టి మస్కోకా వైపు పోతుంటారు. ఒరిలియా ఆ దారిలోనే. అక్కడి టుడోప్ పార్కులో మేపుల్ ఆకుల తోరణం కింద బాసింపట్టు వేసుకుని గిటారు వాయిస్తున్న లైట్‌ఫుట్ కంచు విగ్రహం 2015 నుంచి ఉంది. ఆగి చూడొచ్చు.

కొత్తగా వినేవాళ్లు 1975 నాటి 'గోర్డ్స్ గోల్డ్'తో మొదలుపెట్టొచ్చు. అందులో 1960ల పాటలు చాలావరకు పాత రికార్డులు కావు. ఆ పాత గొంతు తనకే నచ్చక మళ్లీ పాడినవి. ఓడ పాట కోసం మాత్రం 'సమ్మర్‌టైమ్ డ్రీమ్' వెతకండి. 1988లో వచ్చిన 'గోర్డ్స్ గోల్డ్' రెండో భాగంలో కూడా ఆ పాట ఉంది కానీ అది మళ్లీ పాడింది, తలూపిన టేకు కాదు.